సెల్‌హౌస్ ఆపరేటర్లలో హైడ్రోజన్, అమ్మోనియా పనికి ఎవరు పనికొస్తారో తేల్చేదెలా?

సెల్‌హౌస్_గంజాం:
గంజాం జిల్లాలో కాస్టిక్ సోడా ప్లాంటు మాది. సెల్‌హౌస్‌లో (ఉప్పునీళ్లలోకి కరెంటు పంపి కాస్టిక్, క్లోరిన్, హైడ్రోజన్ తీసే విభాగం) మెంబ్రేన్ సెల్స్, నాలుగు షిఫ్టులు, మొత్తం 46 మంది ఆపరేటర్లు. సగం మంది బరంపురం, ఇచ్ఛాపురం వైపు తెలుగువాళ్లు, మిగతా అంతా ఒడియావాళ్లు. ఐటీఐలో ఏఓసీపీ (కెమికల్ ప్లాంట్ అటెండెంట్ ఆపరేటర్ ట్రేడ్) చేసినవాళ్లున్నారు, బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లున్నారు, ఏ కాగితమూ లేకుండా ఏళ్ల తరబడి పని చేస్తున్నవాళ్లూ ఉన్నారు. గోపాలపూర్ దగ్గర గ్రీన్ అమ్మోనియా (సోలార్ లాంటి కరెంటుతో నీళ్ల నుంచి తీసిన హైడ్రోజన్‌తో చేసేది) ప్రాజెక్టులు ప్రకటించాక, "రాబోయే ఐదేళ్ల పనులకు మనవాళ్లలో ఎవరు సరిపోతారో చెప్పండి" అని పైవాళ్లు అడుగుతున్నారు. హెచ్‌ఆర్ షీటులో పేరు, హోదా, చదువు, ట్రైనింగ్ గంటలు తప్ప ఇంకేం లేదు. దాంతో ఏమైనా తేలుతుందా? మన సెల్‌హౌస్ అనుభవం ఎలక్ట్రోలైజర్ (నీళ్లను కరెంటుతో హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే యంత్రం) దగ్గర ఎంతవరకు అక్కరకొస్తుంది, ఎక్కడ అడ్డం తిరుగుతుంది?

బస్‌బార్:
ఆ షీటుతో తేలదండీ. ముందు పనుల జాబితా రాయండి, మనుషుల సంగతి తర్వాత. "ఎలక్ట్రోలైజర్ ఆపరేటర్" అని ఒక్క మాట రాస్తే లాభం లేదు. డీసీ లోడ్ పెంచడం, సెల్ వోల్టేజీలు చదవడం, నైట్రోజన్‌తో పర్జ్ చేయడం (లైన్లో ఉన్న గ్యాసును తోసేయడం), లై (క్షార ద్రావణం) గాఢత చూడటం, డీఎం (లవణాలు తీసేసిన) నీళ్ల కండక్టివిటీ చూడటం... ఇలా విడివిడిగా రాస్తే ముప్పై, నలభై పనులు తేలతాయి.

అక్కరకొచ్చేది చాలానే ఉంది. మీ దగ్గర టన్ను కాస్టిక్‌కు దాదాపు 25 కిలోల హైడ్రోజన్ ఎటూ వస్తోంది, అంటే ఆ గ్యాసు మీవాళ్లకు కొత్త కాదు. రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చేది), బస్‌బార్ (కరెంటు మోసే లోహపు పట్టీ) వేడెక్కడం, ఎర్త్ ఫాల్టు, వరుసలో ఒక్క సెల్ వోల్టేజీ పక్కవాటికంటే ఎగబాకుతుంటే అనుమానించడం, ఇవన్నీ అక్కడా అవే. ఆల్కలైన్ ఎలక్ట్రోలైజర్‌లో ఉండేది 25–30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, 70–90 డిగ్రీల వేడి. కాస్టిక్ దగ్గర కళ్లజోడు, ఫేస్ షీల్డ్ అలవాటైనవాడికి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. బ్రైన్‌లో (ఉప్పునీళ్లలో) కాల్షియం, మెగ్నీషియం కలిపి బిలియన్‌కు 20 పాళ్ల లోపు ఉంచడానికి రెజిన్ కాలమ్ రీజనరేట్ చేసే మనిషి నీళ్ల శుద్ధి సెక్షన్‌కు నేరుగా సరిపోతాడు. నిజానికి అన్నిట్లోకీ సులువుగా కుదిరే మార్పు అదే.

ఇక అడ్డం తిరిగేది లోడ్ దగ్గర. మీ ప్లాంటు రోజంతా ఒకే లోడ్ మీద నడుస్తుంది. కరెంటు తగ్గితే దాన్ని ఇబ్బందిగా చూస్తారు. సోలార్ కరెంటు మీద నడిచే ఎలక్ట్రోలైజర్‌కు ఎక్కుతూ దిగుతూ ఉండటమే మామూలు. లోడ్ 20–30 శాతానికి దిగితే ఆక్సిజన్ తయారీ తగ్గిపోతుంది. డయాఫ్రమ్ (రెండు గ్యాసులనూ విడదీసే తెర) దాటి వచ్చే హైడ్రోజన్ మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. దాంతో ఆక్సిజన్‌లో హైడ్రోజన్ శాతం పెరుగుతుంది. 4 శాతం దగ్గర పేలుడు హద్దు మొదలవుతుంది కాబట్టి సాధారణంగా 2 దగ్గరే ట్రిప్ (దానంతటదే ఆగిపోయే ఏర్పాటు) పెడతారు. లోడ్ తగ్గిందంటే ప్రమాదమూ తగ్గినట్టే అనుకునే మనిషి ఆ సమయంలో ప్యానెల్ వదిలి టీకి వెళ్తాడు. సీనియర్లతో మొదట మాన్పించాల్సిన అలవాటు ఇదే.

రోజూ ఆపడం, ఎక్కించడం కూడా ఇంకో తలనొప్పి. కరెంటు తీసేశాక రివర్స్ కరెంటు కాథోడ్ పూతను తినేస్తుంది. మీ దగ్గర ఆపినప్పుడు పోలరైజేషన్ కరెంటు (సెల్స్‌కు ఇచ్చే కొద్దిపాటి కరెంటు) ఎందుకిస్తారో కారణంతో సహా చెప్పగలిగేవాళ్లెవరో చూడండి. స్విచ్ వేయడం అందరికీ వచ్చు, కారణం చెప్పేవాళ్లను వేరే రంగుతో గుర్తు పెట్టుకోండి.

సెల్‌హౌస్_గంజాం:
థాంక్స్ అన్నా. మార్కులు వేయమంటే షిఫ్ట్ ఇన్‌ఛార్జులు తమ షిఫ్టువాళ్లందరికీ 3కి 3 వేసేస్తున్నారు. దీనికేమైనా మందుందా?

ఇంటర్‌లాక్:
సొంత షిఫ్టుకు మార్కులు వేయనివ్వకండి, ఒక్కో షిఫ్టు మనుషులను వేరే షిఫ్టు ఇన్‌ఛార్జుతో చూపించండి. అంకెకు అర్థం ముందే కట్టేయాలి: 0 అంటే తెలియదు, 1 అంటే పక్కన ఒకరుంటే చేస్తాడు, 2 అంటే ఒంటరిగా చేస్తాడు, 3 అంటే తేడా వచ్చినప్పుడూ చేస్తాడు, ఇంకొకరికి నేర్పుతాడు. మనిషిని ఫీల్డులోకే తీసుకెళ్లండి, పీ అండ్ ఐడీ (పైపులు, పరికరాలు చూపే బొమ్మ) చేతికిచ్చి హైడ్రోజన్ హెడర్ (ప్రధాన పైపు) వెంట నడిపించండి. "ఈ వాల్వు మూస్తే ఏ గేజీ కదులుతుంది? సీల్ పాట్‌లో (గ్యాసును నీళ్లతో అడ్డే పాత్రలో) నీళ్లు తగ్గితే ఏమవుతుంది? ఈ ట్రిప్ ఎందుకుంది?" మూడూ చెబితేనే 3. ఒక్కొక్కరికి ఓ గంట పడుతుంది.

లెక్క కూడా చూసుకోండి. కీలకమైన పనికి షిఫ్టుకు ఇద్దరు చొప్పున నాలుగు షిఫ్టులకు 8 మంది, సెలవులకు ఇంకో ఇద్దరు కలిపి కనీసం 10 మంది 2 పైన ఉండాలి. ఏ పనికి ఆరుగురే తేలారో దానికే ట్రైనింగ్ డబ్బు పెట్టండి, అందరికీ ఒకే క్లాసు పెట్టి కూర్చోబెట్టడం దండగ.

బస్‌బార్ గారు ఎలక్ట్రోలైజర్ గురించి చెప్పింది నిజమే కానీ, అసలు భయం అమ్మోనియా దగ్గరుంది. క్లోరిన్ అలవాటే అక్కడ కొంప ముంచుతుంది. లీకయ్యే క్లోరిన్ పరికరం మీద నీళ్లు కొట్టకూడదని మీవాళ్ల ఒంట్లో పట్టేసి ఉంటుంది. కొడితే యాసిడ్ పుట్టి చిల్లు పెద్దదవుతుంది. అమ్మోనియా ఆవిరిని మాత్రం వాటర్ కర్టెన్‌తోనే కిందికి దించాలి. అదే నేల మీద ద్రవంగా గుమికూడిన అమ్మోనియా మీద నీళ్లు పడితే ఒక్కసారిగా ఉడికి ఆవిరి పైకి లేస్తుంది. మైనస్ 33 డిగ్రీల సరుకు అది, నీళ్ల వేడి చాలు దానికి. గాలికంటే తేలికని పుస్తకంలో ఉంటుంది. చల్లగా కారినప్పుడు తెల్లని మంచులా నేలబారునే పాకుతుంది.

హైడ్రోజన్‌కు వాసన లేదు, పగటిపూట మంట కంటికి సరిగా ఆనదు. లైను ఐసొలేట్ కాకముందే మంట ఆర్పితే గ్యాసు పోగై పేలుతుంది.

ఫిట్టర్లను మర్చిపోకండి. స్టోరు నుంచి తెచ్చిన ఇత్తడి కనెక్టర్ అమ్మోనియా గేజీకి బిగిస్తే కొన్నాళ్లకు పగులుతుంది. రాగి, ఇత్తడి రెండూ దానికి పడవు. తడి క్లోరిన్‌కు టైటానియం మంచిది, పొడి క్లోరిన్‌లో అదే టైటానియం మండిపోతుంది. ఏ లైనుకు ఏ లోహమో తెలిసిన ఫిట్టర్ ఉంటే అతని పేరు జాబితాలో పైన రాయండి, డిప్లొమా లేకపోయినా సరే.

ట్యాంకు కాపలాను తేలిక పనిగా లెక్కేయొద్దు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వచ్చింది లాక్‌డౌన్‌లో నిల్వ ఉన్న ట్యాంకు నుంచే. పైభాగం వేడి చూసే థర్మామీటరే దానికి లేదు.

నాగావళి_గట్టు:
అందరూ ఒప్పుకోరేమో గానీ, ప్రకటనలు నమ్మి 46 మందినీ హైడ్రోజన్ వైపు తోయకండి. నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2023 జనవరిలో ఆమోదమైంది, 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులని లక్ష్యం. లక్ష్యం వేరు, మీ జిల్లాలో ఉద్యోగం వేరు. మా రాయగడ, కొరాపుట్ వైపు చూడండి: దొరాగుడలో, దామంజోడిలో అల్యూమినా రిఫైనరీలు, జేకేపూర్‌లో కాగితం మిల్లు. మూడూ కాస్టిక్ మీద బతికేవే. మీ ఎవాపరేటర్ ఆపరేటర్ 32 శాతం కాస్టిక్‌ను 48కి చిక్కబరుస్తాడు కదా, అల్యూమినా రిఫైనరీలో బేయర్ లిక్కర్ (అల్యూమినా కరిగించే కాస్టిక్ ద్రావణం) ఎవాపరేషన్‌లోనూ వ్యాక్యూమ్, కండెన్సేట్, ట్యూబుల కారుడు అవే. కొత్తగా నేర్పాల్సింది ట్యూబుల్లో పేరుకునే సిలికా పెచ్చు, యాసిడ్ క్లీనింగ్, అల్యూమినా–కాస్టిక్ నిష్పత్తి.

పైడిభీమవరం ఫార్మా వైపు వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం లోటు వేరే చోట ఉంది. అక్కడంతా బ్యాచ్ పని. లాగ్‌షీటు షిఫ్టు చివర ఒకేసారి నింపే అలవాటు అక్కడ పెద్ద తప్పు. ఏ అడుగు జరిగిందో ఆ నిమిషంలోనే రాయాలి, దిద్దితే ఒక్క గీత కొట్టి సంతకం, తేదీ వేయాలి. పైగా సాల్వెంట్లు, ఎర్తింగ్ క్లిప్పు, నైట్రోజన్ బ్లాంకెట్ (పాత్రలో గాలి చేరకుండా నైట్రోజన్ నింపడం) కూడా నేర్చుకోవాలి. ఇదంతా ఆరు నెలల్లో వస్తుంది, ఆ రాసే అలవాటే మెల్లగా వస్తుంది.

సెల్‌హౌస్_గంజాం:
ఎస్ఓపీలన్నీ (పని ఎలా చేయాలో రాసిన కాగితాలు) ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు, ఒడియా రెండింట్లోకీ మార్చాలా? కొత్త కుర్రాళ్లను ఎక్కడి నుంచి తీసుకోవాలి?

ఇంటర్‌లాక్:
మొత్తం మార్చొద్దు, రెండు కాపీలూ వేర్వేరుగా పాతబడిపోతాయి. అలారం కార్డులు మాత్రం రెండు భాషల్లో రాయించి ప్యానెల్ పక్కన తగిలించండి. ట్యాగ్ నంబరు, అలారం పేరు స్క్రీన్ మీద ఎలా ఉంటే అలాగే ఉంచాలి, కింద చేయాల్సిన మొదటి మూడు పనులు వాళ్ల మాటల్లో.

కుర్రాళ్ల విషయానికొస్తే అందరూ ఏఓసీపీ మీదే పడతారు. ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ కెమికల్ ప్లాంట్ అని రెండేళ్ల ట్రేడ్ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎనలైజర్ (గ్యాసు శాతం కొలిచే పరికరం) క్యాలిబ్రేషన్‌కు మీకు కావలసింది వాళ్లే. అప్రెంటిస్‌లుగా తీసుకోవడానికి కేంద్రం పథకాలున్నాయి: ఐటీఐవాళ్లకు ఎన్ఏపీఎస్, డిప్లొమా, డిగ్రీవాళ్లకు ఎన్ఏటీఎస్. మీ ప్లాంటు ఒడిశాలో ఉంది కాబట్టి ఎన్ఏటీఎస్ సంగతులన్నీ కోల్‌కతాలోని ప్రాక్టికల్ ట్రైనింగ్ బోర్డుతో. శ్రీకాకుళం కుర్రాళ్లు అలవాటుగా చెన్నై బోర్డు వైపు చూస్తుంటారు, ప్రకటనలోనే ఈ ముక్క రాసేయండి.