విశాఖ మెట్రోకు పెట్టే సొమ్ములో విజయనగరం, శ్రీకాకుళం బళ్ల వాటా ఎంత?

నిర్వాహకులు
విశాఖ మెట్రో తొలి దశకు 11,498 కోట్ల రూపాయల అంచనాతో తయారైన ప్రణాళికను రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదించింది. విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) నిధుల నుంచి కూడా మెట్రోకు వాటా ఇస్తామని ఆ తరువాత చెప్పింది. విజయనగరం వీఎంఆర్‌డీఏ పరిధిలోనే ఉంది. ఈ ప్రాంత ఆర్థిక వ్యవస్థకు ఊతమిచ్చేలా ప్రజారవాణాకు పెట్టే సొమ్ము ముందుగా దేనికి వెళ్లాలి, ఎవరి నుంచి రావాలి అన్నది ఈ వారం చర్చాంశం. వ్యక్తిగత విమర్శలు వద్దని మనవి.

నెల్లిమర్ల వాసి
మెట్రో వద్దని నేను అనడం లేదు. కాని తొలి దశలోని 46.23 కిలోమీటర్లలో ఒక్క కిలోమీటరు కూడా విశాఖ శివారు కొమ్మాదిని దాటి మన వైపు రాదు. నీతి ఆయోగ్ ముంబయి, సూరత్, వారణాసిలతో పాటు విశాఖను గ్రోత్ హబ్‌గా, అంటే ఆర్థిక వృద్ధి కేంద్రంగా ఎంచుకున్నప్పుడు మాత్రం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను కూడా కలిపే ఆ ఆర్థిక ప్రాంతాన్ని లెక్కగట్టారు. పైడిభీమవరం మందుల కంపెనీలు శ్రీకాకుళం జిల్లావి, భోగాపురం విమానాశ్రయం విజయనగరం జిల్లాది. ప్రాంతం గొప్పతనం చెప్పవలసి వచ్చినప్పుడు మనం లెక్కలో ఉంటాము, సొమ్ము పంచే వేళకు ఉండము.

నా ప్రతిపాదన కొత్తదేమీ కాదు. పెందుర్తి, కొత్తవలస, అలమండ, కోరుకొండ, విజయనగరం, నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస స్టేషన్లన్నీ బ్రిటిష్ కాలం నాటి హౌరా–చెన్నై మార్గంలోనే ఉన్నాయి. ఉదయం, సాయంత్రం ఈ మార్గంలో తరచుగా మెము బళ్లు (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు రైళ్లు) నడపడానికి, స్టేషన్ల దగ్గర నుంచి ఆర్టీసీ బస్సులు వేయడానికి అయ్యే ఖర్చు మెట్రో ఖర్చులో చిన్న భాగమే అవుతుంది. ముందుగా దానికి నిధులు కేటాయించి, తరువాత మెట్రో సంగతి చూడాలని నా అభిప్రాయం.

చంపావతి
ఆవేదన అర్థమైంది కాని, వాదనతో ఏకీభవించలేను. ఉద్యోగాలు, ఆసుపత్రులు, కళాశాలలు, ఓడరేవు ఉన్నది విశాఖలో. అక్కడి రోడ్లు స్తంభిస్తే నష్టపోయేది ఆ ఊరివాళ్లు ఒక్కరే కారు. విజయనగరం నుంచి రైల్లో గంటంబావులో విశాఖ చేరిన మనిషి అక్కడి నుంచి నగరం అవతలి కొసన ఉన్న గాజువాక వెళ్లడానికి మళ్లీ అంత సేపూ బస్సులో నిలబడితే మీ మెము బండి వల్ల మిగిలేదేమిటి? నగరం లోపల వేగం లేనిదే బయటి ప్రాంతానికి వేగం రాదు.

ఇక పట్టాలు ఉన్నాయి గనుక బళ్లు నడపవచ్చు అనుకోవడం తొందరపాటే. ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం దిగే మార్గం కొత్తవలస దగ్గర ఈ ప్రధాన మార్గంలోనే కలుస్తుంది. రాయగడ వైపు సరకు రైళ్లు విజయనగరంలో కలుస్తాయి. మూడో లైను పడ్డాక కూడా అక్కడ ఒత్తిడి తగ్గలేదు. 2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి, అలమండల మధ్య ఆగి ఆగి వెళుతున్న పలాస పాసింజరును వెనుక నుంచి వచ్చి ఢీకొన్నది రాయగడ పాసింజరు. రెండూ మన జిల్లాల వాళ్లు ఎక్కే బళ్లే. సిగ్నళ్లకు, భద్రతకు సొమ్ము పెట్టకుండా బళ్ల సంఖ్య పెంచమనడం ప్రమాదకరం. ఆ సొమ్ము పెట్టవలసింది రైల్వే గాని, వీఎంఆర్‌డీఏ కాదు.

బస్సుల మాట కూడా చెబుతాను. కేంద్రం పట్టణాభివృద్ధి పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం నిధులతో విశాఖలో పెందుర్తి, సింహాచలం మార్గాల్లో బస్సులకని ప్రత్యేక వరుసలు వేశారు. ఇప్పుడు ఆ వరుసల్లో ఏమేం తిరుగుతున్నాయో ఎవరైనా వెళ్లి చూడవచ్చు. చవకైన పరిష్కారం అన్నది ప్రతిసారీ చవకగా తేలదు.

లెక్కల మాస్టారు, విజయనగరం
మీ ఇద్దరూ ఏది ముందు అన్న దగ్గరే ఆగిపోయారు. ఎవరి సొమ్ము అన్నది తేలితే ఏది ముందో దానంతట అదే తేలుతుంది.

టికెట్ల డబ్బుతోనే ప్రజారవాణా నడవాలన్న నియమం మన దగ్గర ఎప్పుడో పోయింది. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ వరకు ప్రయాణం ఉచితమైంది. అంటే ఖజానా ఇప్పటికే బస్సుకు ఖర్చు పెడుతున్నది. పెట్టకపోవడం కాదు సమస్య, ఆ ఖర్చు బడ్జెట్లో ఏటా కొత్తగా అడగవలసిన పద్దుగానే ఉండిపోయి, ఈ ప్రాంతానికంటూ స్థిరమైన ఆదాయం లేకపోవడం సమస్య.

పారిస్ ప్రాంతంలో 1971 నుంచి యాజమాన్యాలు తాము చెల్లించే జీతాల మొత్తం మీద రవాణా సుంకం కడుతున్నాయి. పనివాళ్లను వేళకు ఫ్యాక్టరీకి చేరవేసే బండి వల్ల యజమానికి కూడా లాభమే అన్నది దాని వెనుక ఉన్న తర్కం. అయితే దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవడం సులువు కాదు. మన రాజ్యాంగం 276వ అధికరణం ఉద్యోగాల మీద రాష్ట్రం వేసే వృత్తి పన్నును మనిషికి ఏడాదికి 2,500 రూపాయలకు మించనివ్వదు. అందువల్ల మనకు మిగిలిన దారి భూమి. మహారాష్ట్రలో 2022 ఏప్రిల్ నుంచి ముంబయి, పుణె, నాగపూర్‌లలో స్థిరాస్తి రిజిస్ట్రేషన్ల మీద మెట్రో పేరిట 1 శాతం అదనంగా వసూలు చేస్తున్నారు. భోగాపురం, తగరపువలస, ఆనందపురం చుట్టుపక్కల విమానాశ్రయం పేరు చెప్పి లేఅవుట్లు వేసినవాళ్లు ప్రభుత్వ ఖర్చుతో వచ్చిన విలువను అమ్ముకుంటున్నారు. అందులో కొంత తిరిగి బండికి రావడం న్యాయం.

రైల్వే సంగతి చంపావతి గారు సగమే చెప్పారు. హైదరాబాద్ లోకల్ రైళ్లు, అంటే ఎంఎంటీఎస్, 2003లో మొదలైనప్పుడు రాష్ట్రం, రైల్వే చెరి సగం భరించాయి, రెండో దశలో రాష్ట్రం మూడింట రెండు వంతులు భరించాలన్నారు. రాష్ట్ర వాటా వేళకు అందకపోవడంతో ఆ రెండో దశ ఏళ్ల తరబడి సాగింది. ఉమ్మడి ఖర్చు కుదురుతుందనడానికీ, ప్రత్యేక నిధి లేకపోతే ఏమవుతుందనడానికీ ఆ ఒక్కటే చాలు.

రణస్థలం ఉద్యోగిని
పైడిభీమవరంలో పనిచేస్తున్నదానిగా ఒక్క విషయం రాస్తాను. షిఫ్టు వదిలే వేళకు హైవే పక్కన నిలబడి చూడండి. పర్మినెంటు ఉద్యోగులకు కంపెనీ బస్సులు వస్తాయి, కాంట్రాక్టు కార్మికులు ఆటోల కోసం పరుగెత్తుతారు. డ్రైవరుకు రెండు పక్కలా ఇద్దరేసి, వెనుక సామాను పెట్టే చోట కాళ్లు బయటకు వేలాడేసుకుని ముగ్గురు, లారీల మధ్య అదే ఆటో హైవే మీద పోతుంది. రాత్రి షిఫ్టు ఆడవాళ్లకు పడితే ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు బండి వేసుకుని రావలసిందే. రావడానికి మనిషి లేనివాళ్లు ఆ షిఫ్టు వదులుకుంటారు, దానితో పాటు ఆ కూలీ కూడా పోతుంది.

స్త్రీశక్తి వచ్చాక చాలా మేలు జరిగింది, కాదనను. కాని శ్రీకాకుళం నుంచి విశాఖకు బస్టాండులోనే టికెట్లు కొట్టి పంపే నాన్‌స్టాప్‌లకు అది వర్తించదు, వర్తించే ఎక్స్‌ప్రెస్‌లో కాలు పెట్టే చోటుండదు. టికెట్ ఉచితమా కాదా అన్నదాని కంటే, షిఫ్టు వేళకు బస్సు ఉందా లేదా అన్నది మాకు ముఖ్యం. మెట్రోయా మెమునా అని మీరు తేల్చుకునే లోపల పది, ఇరవై బస్సులు షిఫ్టుల వేళలకు సరిపడా వేయడానికి ఏ డీపీఆరూ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) అక్కరలేదు కదా.

నాగావళి తీరం
మాస్టారి అదనపు సుంకానికి నేను వ్యతిరేకిని. భోగాపురంలో భూమి విలువ పెరిగితే లాభపడినవాడు దాన్ని అమ్ముకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. ఇవాళ రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఒక శాతం ఎక్కువ కట్టేది అప్పు చేసి నూటయాభై గజాలు కొనుక్కునే టీచరో, గల్ఫ్ నుంచి డబ్బు పంపే వలస కార్మికుడో అవుతాడు.

రెండో మాట, కొందరికి రుచించకపోయినా చెప్పక తప్పదు. విశాఖకు ప్రయాణం సులువైన కొద్దీ శ్రీకాకుళంలో బట్టల దుకాణం, ఆసుపత్రి, కోచింగ్ కేంద్రం చిక్కిపోతాయి. ఇప్పటికే పెళ్లి బట్టలకు విశాఖ వెళ్లడం మనవాళ్లకు అలవాటైంది. పైగా శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, పట్నానికి పది కిలోమీటర్లకు పైనే. మెము బండి వేసినా మా ఊరి గుమ్మం దాకా రాదు. ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థ అంటే అన్ని దారులూ విశాఖకే వేయడమా?

లెక్కల మాస్టారు, విజయనగరం
సుంకం గురించి మీరన్నది సబబే. అందుకే చిన్న స్థలాలను మినహాయించి, లేఅవుట్ అనుమతుల దగ్గర, వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలాలుగా మార్చే దగ్గర వసూలు చేయాలి. లాభం పుట్టేది అక్కడే. కొనుగోలుదారు మీదకు అది కొంత జారదా అంటే జారుతుంది, కాని రిజిస్ట్రేషన్ దగ్గర వేసినంత నేరుగా జారదు.

రెండో మాటతో మాత్రం ఏకీభవించను. రోజూ వెళ్లి వచ్చే దారి లేకపోతే మన పిల్లలు శ్రీకాకుళంలో ఉండిపోరు. విశాఖ మధురవాడలో గది అద్దెకు తీసుకుంటారు, రెండేళ్లకు కుటుంబాన్ని తీసుకుపోతారు. అప్పుడు జీతంతో పాటు కిరాణా ఖర్చు, బడి ఫీజు, ఇంటి అద్దె అన్నీ అక్కడే ఖర్చవుతాయి. రాత్రికి ఇల్లు చేరగలిగిన ఉద్యోగి జీతం చీపురుపల్లి సంతలోనే ఖర్చవుతుంది.

చంపావతి
మినహాయింపులతో కూడిన సుంకానికి నాకు అభ్యంతరం లేదు. రణస్థలం ఉద్యోగిని గారు అడిగిన బస్సులకు అసలే లేదు. అయితే ఆ బస్సులు ఎవరు కొంటారు? కేంద్రం 2023లో ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవకు (నగరాలకు విద్యుత్ బస్సులు ఇచ్చే పథకం) ప్రధాన అర్హత 2011 జనాభా లెక్కల ప్రకారం 3 లక్షల జనాభా. విజయనగరం జనాభా అప్పటికి రెండున్నర లక్షల లోపే, శ్రీకాకుళం ఇంకా చిన్నది. పట్టణాన్ని బట్టి కొలిస్తే మనకు ఏదీ రాదు, ప్రాంతాన్ని బట్టి కొలిస్తేనే వస్తుంది. నెల్లిమర్ల వాసి గారి వాదనకు బలం అక్కడ ఉంది గాని, మెట్రోను వెనక్కు నెట్టడంలో లేదు.

నెల్లిమర్ల వాసి
వెనక్కు నెట్టమని మళ్లీ అనను, ఒక షరతు పెడతాను. కేంద్రం 2017 మెట్రో విధానం ప్రకారం మెట్రో కోరే నగరానికి సమగ్ర రవాణా ప్రణాళిక, బస్సునూ రైలునూ కలిపి చూసే ఉమ్మడి మహానగర రవాణా సంస్థ ఉండాలి. ఆ సంస్థలో విజయనగరం, శ్రీకాకుళం ప్రతినిధులకు ఓటు హక్కుతో స్థానం ఇవ్వాలి. వీఎంఆర్‌డీఏ మెట్రోకు ఇచ్చే వాటాలో విజయనగరం లేఅవుట్ల నుంచి వచ్చిన సొమ్ము ఎంతో విడిగా చూపి, అంత మొత్తాన్ని ఈ జిల్లా బస్సులకు, స్టేషన్ల దగ్గరి రోడ్లకు వేరే ఖాతాలో జమ చేయాలి.

చంపావతి
ఖాతా వేరు చేయడం మంచిదే. కాని ఆ సొమ్ముతో విశాఖ లోపలి రోడ్డు మీద ఒక్క బస్సు స్టాపు కూడా కట్టకూడదు అంటారా? మన బస్సులు మద్దిలపాలెం దాకా వెళ్లి ఆగవలసినవే కదా. దానికి జవాబు రాయండి, అప్పుడు మీ షరతుకు నా ఓటు వేస్తాను.