తెరచాప పడవ క్యాబిన్‌లో దాగి ఉన్న మూతలు దేనికి? వాటి వెనుక చోటును వాడుకోవచ్చా?

ప్రశ్న (హాలియా నుంచి)

మిత్రులందరికీ నమస్కారం. ముంబయి వైపు సముద్రంలో చాలా ఏళ్లు తిరిగిన 24 అడుగుల ఫైబర్ గ్లాస్ తెరచాప పడవను నేనూ మా బావమరిదీ కలిసి కొని, లారీ మీద తెచ్చి, ఇంటి వెనుక రేకుల కొట్టంలో పెట్టుకున్నాము. మరమ్మతు పూర్తయి, అనుమతి దొరికాక నాగార్జునసాగర్‌లో దింపాలని మా కోరిక. క్యాబిన్‌లో పరుపులు తీసి చూస్తే పడక బల్లల మీద పెద్ద చెక్క మూతలు, నేలలో రెండు పలకలు, ముందువైపు పడక కింద మూడు గుండ్రటి ప్లాస్టిక్ మూతలు కనిపించాయి. గుండ్రటివాటిలో ఒకటి తిప్పితే ఊడి వచ్చింది, చేయి పెడితే లోపల తడి తగిలింది. మిగిలిన రెండూ కదలడం లేదు. పక్క గోడల మీద తడితే చాలాచోట్ల డొల్ల శబ్దం వస్తోంది. అక్కడ కోసి అరలు చేసుకోవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (నకిరేకల్ నుంచి)

దయచేసి ఇప్పుడే ఏదీ కోయకండి. నేను ఓడలలో ఇంజిన్ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. చిన్న పడవల మరమ్మతులూ కొన్ని చేశాను. ఇలాంటి పడవలలో బయటి డొప్పను ఒక అచ్చులోనూ, లోపలి కూర్చునే బల్లలను, నేలను మరో అచ్చులోనూ పోసి, రెండోదాన్ని మొదటిదానిలో దించి అతికించడం మామూలు. ఈ లోపలి భాగాన్ని లైనర్ అంటారు. మీకు వినిపించే డొల్ల శబ్దం ఆ రెండింటి నడుమ ఉన్న ఖాళీది కావచ్చు. కొన్ని పడవలలో లైనరే డొప్పకు బలాన్నిస్తుంది. మరికొన్నిటిలో పడవ నీటితో నిండినా మునిగిపోకుండా ఆ ఖాళీలో గాలిని బంధించి మూసేస్తారు, లేదా గట్టిపడే నురుగు (ఫోమ్) నింపుతారు. గాలి గది మీద గుండ్రటి మూత ఉంటే, అది నీరు చేరిందేమో చూసి ఆరబెట్టడానికే గాని సామాను పెట్టడానికి కాదు. పడవ నీటిలో నడిచేటప్పుడు దాన్ని గట్టిగా బిగించాలి, ఒడ్డున ఉన్నప్పుడు తీసి ఉంచాలి.

నేల పలకల కింద ఉన్నది పడవలో అన్నిటికంటే పల్లమైన చోటు, దాన్ని బిల్జ్ అంటారు. ఎక్కడ కారిన నీరైనా అక్కడికే చేరుతుంది, కీల్‌ను, అంటే పడవ అడుగున వేలాడే బరువైన రెక్కను, పట్టి ఉంచే బోల్టుల నట్లు కూడా సాధారణంగా అక్కడే కనిపిస్తాయి. వాటి చుట్టూ తుప్పు మరక, తడి ఉంటే కీల్‌కూ డొప్పకూ మధ్య నుంచి నీరు వస్తోందని అనుమానించాలి. అరకూ అరకూ మధ్య అడుగున చిన్న కంతలు ఉంటాయి. అవి పూడితే నీరు, దాన్ని బయటికి తోడే బిల్జ్ పంపు దాకా రాక ఏదో మూల నిలిచిపోతుంది. బల్లల కింద డొప్పకు చిల్లు ఉన్న ప్రతిచోటా ఒక కవాటం ఉండాలి, దాన్ని సీకాక్ అంటారు. ఆ అరను సామానుతో కూరకండి, ఎందుకంటే గొట్టం ఊడిన క్షణంలో మీ చేయి నేరుగా దాని మీద పడాలి. ఆ చిల్లుకు సరిపోయే కోసుగా చెక్కిన చెక్క బిరడాను దాని పక్కనే తాడుతో కట్టి ఉంచండి.

ఇంకొక మాట: సాగర్‌ది మంచినీరే అయినా, మీ పడవ సముద్రం నుంచి వచ్చింది. మూలల్లో మిగిలిన ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుంటూనే ఉంటుంది కాబట్టి, చేయి దూరే ప్రతి అరనూ మంచినీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టిన తరువాతే మిగతా పని మొదలుపెట్టండి.

జవాబు (జడ్చర్ల నుంచి)

నేను ఫైబర్ పని చేస్తాను. కదలని మూతలను సుత్తితో కొట్టవద్దు, ప్లాస్టిక్ పగులుతుంది. గోరువెచ్చని సబ్బునీరు అంచు చుట్టూ పోసి కొంతసేపు నాననిచ్చి, మూత మీది రెండు గాళ్లలో సరిపోయే చెక్కపట్టీని అడ్డంగా పెట్టి నెమ్మదిగా తిప్పండి. ఊడిన తరువాత రబ్బరు రింగు మార్చి, సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. ఎప్పుడైనా కొత్త మూత పెట్టవలసి వస్తే, కోసిన అంచులో ప్లైవుడ్ గాని తేలిక చెక్క గాని కనిపిస్తే ఎపాక్సీతో పూర్తిగా మూసేయాలి, లేకపోతే నీరు దిగి లోపలే కుళ్లుతుంది.

ప్రశ్న వేసినవారు (హాలియా)

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు మూతలూ ఊడాయి. ఒకదాని లోపల పొడిగా ఉంది, రెండోదానిలో చెంబెడు నీరు వచ్చింది. కోసే ఆలోచన మానుకున్నాము. ఇక బల్లల కింద ఏ సామాను ఎక్కడ పెట్టాలో చెప్పండి.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

విదేశంలో ఉన్న మా అబ్బాయి పడవలో నేను మూడు వారాలు ఉండి వంట చేశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. బరువైనవి పడవ నడుమ, వీలైనంత కింద, ఎడమకూ కుడికీ సమంగా ఉండాలి. ముందు కొసలో దుప్పట్ల వంటి తేలికవి పెట్టండి. డబ్బాల మీది కాగితాలు తీసేసి, మూత మీద మార్కర్‌తో పేరు రాయండి, ఎందుకంటే కాగితం తడిసి ఊడితే బిల్జ్ పంపులో ఇరుక్కుంటుంది. అట్టపెట్టెలు లోపలికి తేవద్దు, వాటితో బొద్దింకల గుడ్లు వస్తాయి. మా అమ్మమ్మ కాలంలో జొన్నలు పాతరలో పోసేటప్పుడు, చెమ్మ తగలకుండా అడుగునా పక్కలకూ గడ్డి పరిచేవారు. పడవలోనూ సామాను డొప్పకు ఆనకూడదు. మధ్యలో చెక్కపట్టీలు వేసి, పరుపుల కింద కూడా గాలి ఆడేలా చూడండి. ఏ అరలో ఏముందో ఒక పటం గీసి, తలుపు లోపలివైపు అంటించండి.

గ్యాస్ సిలిండర్‌ను మాత్రం క్యాబిన్‌లో ఏ బల్ల కిందా పెట్టకండి. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, కారితే నేరుగా బిల్జ్‌లో పేరుకుంటుంది. సిలిండర్ కోసం క్యాబిన్ బయట, పడవ పైభాగంలో, అడుగునుంచి పడవ బయటికి రంధ్రం ఉన్న విడి అర కావాలి.