స్కై పెన్సిల్ హోలీ: ఒక మొక్క పసుపెక్కి రాలుతోంది, ఇంకోటి కొమ్మలు విచ్చుకుంది

మెట్ల_పక్క

ఇంటి మెట్లకు అటూ ఇటూ రెండు స్కై పెన్సిల్ హోలీ మొక్కలున్నాయి (ఎప్పుడూ పచ్చగా ఉండే జపనీస్ హోలీ పొదలో ఇదొక రకం). నాటి ఇది మూడో ఏడు, భుజమెత్తు పెరిగాయి. జాగా వెడల్పు 70 సెంటీమీటర్లే కాబట్టి సన్నగా నిలువుగా పెరిగే ఈ రకం తీసుకున్నాం. కుడివైపుది ఆరోగ్యంగానే ఉంది కానీ చలికాలం మంచు బరువుకి కొమ్మలు విచ్చుకుని మళ్లీ దగ్గరపడలేదు. ఎడమదానికి వసంతం నుంచీ ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి, పైకొసలు బోసిపోయాయి. పైకప్పు వాననీటి గొట్టం దిగేది కూడా అటువైపే. నేల బంకమట్టి. యూరియా రెండుసార్లు వేసినా మార్పు లేదు. ఇది ఎరువు లోపమా, పురుగా, వేరులో తేడానా? ఎలా తేల్చుకోవాలి? విచ్చుకున్నదాన్ని కోయాలా, కట్టాలా?

వేరు_చూడు

ముందు యూరియా ఆపేయండి. వేరు పని చేయనప్పుడు వేసిన ఎరువు మొక్కకి అందదు సరికదా, మట్టిలో లవణం పెరిగి మిగిలిన సన్నవేళ్లని కూడా మాడ్చేస్తుంది.

పసుపు ఏ ఆకులకి వచ్చిందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. కొమ్మ లోపలివైపు ముదురాకులు మాత్రమే వసంతంలో పసుపెక్కి రాలుతుంటే అది మామూలే. ఎప్పుడూ పచ్చగా ఉండే మొక్క కూడా పాత ఆకుని అలాగే వదిలించుకుంటుంది. లేత చిగురాకు పసుపుగా ఉండి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిస్తే ఇనుము అందట్లేదని అర్థం, సాధారణంగా నేలలో సున్నం ఎక్కువై. ఆకు మీద సూదితో పొడిచినట్టు లేత చుక్కలు పడి, మొత్తం బూడిద కంచురంగుకి తిరిగితే ఎర్రనల్లి. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి రెండుసార్లు గట్టిగా తట్టండి. రాలిన దుమ్ములో చుక్కలు నడుస్తుంటే నల్లే. హోలీని పట్టే ఎర్రనల్లి వసంతంలోనూ ఆకులు రాలే కాలంలోనూ ఉధృతమవుతుంది. అందుకే ఎండలు ముదిరాక వెతికితే పురుగు దొరకదు, మచ్చలే మిగులుతాయి. నల్లికి ఆకు అడుగుభాగం తడిసేలా నీటిధార కొట్టడం, తర్వాత వేపనూనె చాలు.

మీరు చెప్పినట్టు పైకొసలు బోసిపోయి, పసుపు మొక్కంతా పాకితే, పైగా గొట్టం నీళ్లు అక్కడే పడుతుంటే, నా అనుమానం వేరుకుళ్లు మీదే. కాండానికి ఒక జానెడు దూరంలో పారతో ఒకపక్క 20 సెంటీమీటర్ల లోతు తీయండి. సన్నవేళ్లు నాలుగు తెంపి నీళ్లలో కడిగి, వేలికీ బొటనవేలికీ మధ్య లాగి చూడండి. మంచి వేరు గట్టిగా ఉంటుంది, కొస తెల్లగా ఉంటుంది. నీళ్లు నిలిచి కుళ్లిన వేరు గోధుమరంగులో మెత్తబడి, లాగగానే పైతొక్క తొడుగులా ఊడి, లోపలి దారం ఒక్కటే చేతికొస్తుంది. ఇది ఫైటోఫ్తోరా (తడినేలలో వేళ్లని కుళ్లబెట్టే, బూజులాంటి సూక్ష్మజీవి) తరహా. అలా కాకుండా తెల్లవేరు మీద అక్కడక్కడా నల్లటి పట్టీలు కట్టినట్టుంటే నల్లవేరుకుళ్లు. జపనీస్ హోలీ దీనికి చాలా తేలిగ్గా లొంగుతుంది, చల్లటి తడినేలలో ఇంకా త్వరగా.

చిన్నకొమ్మ బెరడు గోరుతో గీకండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు.

నిలువు_కంచె

విచ్చుకున్నదాని గురించి. ఈ రకానికి ఒకే నడిమి కాండం అంటూ ఉండదు. మొదట్లోంచే చాలా కొమ్మలు పక్కపక్కన నిలబడతాయి, వాటిని కలిపి పట్టేది ఏదీ లేదు. అందుకే తడిమంచు పడితే పుస్తకం తెరిచినట్టు విడిపోతాయి. నీడ ఎక్కువున్నా ఇదే తంతు, కొమ్మలు వెలుగు వైపు వాలతాయి. రోజుకి కనీసం 4 గంటల ఎండ లేకపోతే మీరెంత కట్టినా గట్టిపడదు.

కొమ్మలు మొదట్లో చీలలేదని చూసుకుని, మెత్తటి వెడల్పు పట్టీతో అడుగు నుంచి పైకి మెలికగా చుట్టుకుంటూ రండి, చుట్టుకీ చుట్టుకీ 30 సెంటీమీటర్లు. తీగ, సన్నతాడు వద్దు, బెరడు కోసుకుపోతుంది. ఆకులన్నీ ఉక్కిరిబిక్కిరయ్యేలా బిగించొద్దు, రెండువేళ్లు దూరాలి. మంచు కురిసే ముందు కట్టి, వసంతంలో విప్పేయాలి. ఏడాదంతా ఉంచితే లోపల గాలి ఆడక ఆకు రాలి డొల్లవుతుంది. మంచు పేరుకుంటే చీపురుతో కింది నుంచి పైకి తోయాలి. పైనుంచి కొడితే కొమ్మ విరుగుతుంది.

కోత చలికాలం చివర్లో, చిగురు పెట్టకముందు. వాలిన కొమ్మని నిట్టనిలువు చిన్నకొమ్మ ఉన్న చోటికి తగ్గించండి. తలని ఒక పిడికెడు మేర కత్తిరిస్తే పై బరువు తగ్గి కింద గుబురు కడుతుంది. వేసవి చివర్లోనో, చలి దగ్గరపడ్డాకో కోసి లేతచిగురు తెప్పించొద్దు, గడ్డకట్టే చలికి అది నల్లబడిపోతుంది.

మెట్ల_పక్క

తవ్వి చూశాను. 10 సెంటీమీటర్లు దాటగానే మట్టి ముద్దలా ఉంది, పుల్లటి వాసన. వేళ్ల తొక్క లాగగానే ఊడిపోయి దారం మిగిలింది. గీకితే కింది కొమ్మలు పచ్చగా ఉన్నాయి, పైవి మూడొంతులు గోధుమరంగే. మందు ఏదైనా పోస్తే బతుకుతుందా?

వేరు_చూడు

సగానికి పైగా వేరు పోయాక మందు కుళ్లుని కొంత ఆపుతుందేమో గానీ పోయిన వేరుని తేలేదు. నా మాటగా చెప్పాలంటే తీసేయండి. ఆ గుంటలోనే వెంటనే ఇంకో హోలీ పెట్టొద్దు, కుళ్లు తెచ్చే సూక్ష్మజీవి మట్టిలోనే ఉంటుంది. ముందు గొట్టాన్ని కనీసం మీటరున్నర దూరం మళ్లించండి. తర్వాత 30 సెంటీమీటర్ల గుంట తీసి నీళ్లు నింపి ఇంకనివ్వండి, మళ్లీ నింపి గంటకెంత దిగుతుందో కొలవండి. గంటకి 2.5 సెంటీమీటర్లు కూడా దిగకపోతే అక్కడ నేల మీదే 20 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టుకోవాలి.

ఒక తప్పు చాలామంది చేస్తారు: బంకమట్టిలో గుంట తీసి ఆ గుంటలో మాత్రం కంపోస్టు, ఇసుక నింపడం. చుట్టూ బంక, మధ్యలో గుల్ల. ఆ గుంట తొట్టిలా మారి చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకే దిగుతాయి. కలిపితే మడి మొత్తం కలపాలి, లేదా తవ్విన మట్టితోనే పూడ్చాలి.

సున్నం_కథ

వేరు_చూడు గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. మెట్లు, గోడ పునాది కాంక్రీటు అయితే దాన్నుంచి సున్నం కారి పక్కమట్టిలో పీహెచ్ (ఆమ్లక్షారాల కొలత, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) పెరుగుతుంది. ఈ హోలీకి 5 నుంచి 6.5 మధ్య ఆమ్లనేల కావాలి. నల్లవేరుకుళ్లు కూడా ఆమ్లత్వం తగ్గిన నేలనే ఇష్టపడుతుంది. కుడివైపు మొక్కని కాపాడుకోవాలంటే అక్కడి మట్టి పరీక్ష చేయించండి. ఎండిన మట్టి మీద వెనిగర్ చుక్కలేస్తే బుసబుస పొంగితే సున్నం నిండా ఉన్నట్టే. ఆ నేలలో గంధకం వేసి ఆమ్లం చేయాలనుకోవడం వృథా, సున్నమే దాన్ని తినేస్తుంది.

పొంగకపోతే గంధకం పొడి చదరపు మీటరుకి 100 గ్రాములు మించకుండా చల్లి పైపైన కలపండి. ఫలితానికి నెలలు పడుతుంది, ఎందుకంటే మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చాలి, చలిలో అది సాగదు. ఈలోగా చిగురు పసుపెక్కితే లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయొచ్చు. మెట్ల మీద పడితే తుప్పుమరక పోదు, గోనె కప్పండి. మట్టికే ఇనుము ఇవ్వాలంటే ఈడీడీహెచ్ఏ కీలేటు (మట్టిలో బిగుసుకుపోకుండా కట్టిపెట్టిన ఇనుము) కొనండి. మామూలు ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే నిలవదు.

ఖాళీ అయిన చోట కొత్తది పెట్టాలంటే, నేల సున్నపుదైతే హోలీ పట్టు వదిలేసి నిలువుగా పెరిగే బాక్స్‌వుడ్ పొదలో 'గ్రాహమ్ బ్లాండీ' రకం చూడండి. ఆకు దాదాపు అలాగే ఉంటుంది. హోలీకి ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, బాక్స్‌వుడ్‌కి ఎదురెదురుగా జంటగా వస్తాయి, దగ్గరికెళ్తే తప్ప తేడా తెలీదు. దానికీ నీళ్లు నిలిస్తే పడదు, మడి ఎత్తు అదే. ఏది నాటినా కుండీలో చుట్టుకుపోయిన వేళ్లని మూడుచోట్ల 2 సెంటీమీటర్ల లోతు నిలువుగా కోసి, మట్టిగడ్డ పైభాగం నేలకంటే 2 సెంటీమీటర్లు ఎత్తులో ఉండేలా నిలపండి. పైన బెరడు ముక్కలు 5 సెంటీమీటర్ల మందం పరవండి, కాండం చుట్టూ మాత్రం అరచేయి వెడల్పు ఖాళీ వదలండి.