39 శాతం ఓట్లు పడితే 11 సీట్లేనా? లెక్క తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

బెజవాడ_బుల్లోడు:
పండక్కి బెంగళూరు నుంచి ఇంటికెళ్తే మా బావకీ చిన్నాన్నకీ మళ్లీ అదే గొడవ. 2024 ఏపీ అసెంబ్లీ ఎన్నికల్లో వైసీపీకి 39 శాతం పైగా ఓట్లు పడ్డాయి, సీట్లు చూస్తే 175లో 11. "పదిమందిలో నలుగురు ఓటేస్తే పదహారు సీట్లలో ఒక్కటా వచ్చేది, మెషీన్లలోనే ఏదో జరిగింది" అని చిన్నాన్న. "ఓడినవాళ్లందరూ పాడే పాటే ఇది" అని బావ. మధ్యలో నన్ను అడిగితే నాకు నోరు పెగల్లేదు. ఎందుకంటే తెలంగాణలో 2023లో బీఆర్ఎస్‌కి 37 శాతమే వచ్చినా 119లో 39 సీట్లు గెలిచింది కదా, అదెలాగ? పార్టీల భజన వద్దు, లెక్క చెప్పండి చాలు.

లెక్కల_మాస్టారు:
ముందు మీ చిన్నాన్న గారిని 2019 ఫలితాలు ఒకసారి చూడమనండి. అప్పుడు టీడీపీకి పడింది కూడా 39 శాతమే, సీట్లు 23. వైసీపీకి 50 శాతం, సీట్లు 151. అప్పుడు మెషీన్ల మీద అనుమానపడింది చంద్రబాబు, 2024లో బ్యాలెట్ పేపర్ కావాలన్నది జగన్. ఆ గొడవ పక్కన పెట్టండి.

మన దగ్గర ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సీటు వాళ్లదే, రెండో స్థానంలో ఉన్నవాడికి లక్ష ఓట్లొచ్చినా సున్నాతో సమానం. కాబట్టి మీకెన్ని ఓట్లు పడ్డాయన్నది సగం కథే, మిగతావి ఎంతమంది మధ్య చీలాయన్నది అసలు కథ. 2019లో టీడీపీ, జనసేన విడివిడిగా దిగాయి. భీమవరమే తీసుకోండి, పవన్ కల్యాణ్ 8 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు, మూడో స్థానంలో ఉన్న టీడీపీ అభ్యర్థి పులపర్తి రామాంజనేయులుకి అంతకు ఎన్నో రెట్లు పడ్డాయి. అదే రామాంజనేయులు 2024లో జనసేన టికెట్ మీద అక్కడే గెలిచారు! 2024లో టీడీపీ, జనసేన, బీజేపీ పొత్తు పెట్టుకుని దిగాయి, ముగ్గురి ఓట్లు కలిపితే 55 శాతం, అవతల వైసీపీకి 39. ఈ 16 శాతం తేడా రాష్ట్రమంతా పరుచుకుంది, అంటే 2 లక్షల ఓట్లు పోలైన చోట సుమారు 30 వేల మెజారిటీ అన్నమాట. దాన్ని తట్టుకుని నిలబడ్డవి రాయలసీమలో ఏడు, ప్రకాశంలో రెండు, మన్యంలో అరకు, పాడేరు. గోదావరి జిల్లాల్లో ఒక్కటీ లేదు.

2014లో ఇదే వైసీపీ, టీడీపీ-బీజేపీ కూటమికి 3 శాతం లోపు వెనకబడి 67 గెలిచింది. తేడా చిన్నదైతే ఓడినా మర్యాద దక్కుతుంది, పెద్దదైతే ఊడ్చుకుపోతుంది. 2024లో 18 సీట్లుంటే ప్రతిపక్ష హోదా దక్కేది, అదీ పోయింది.

ఖమ్మం_వాసి:
మాస్టారూ, తెలంగాణ సంగతి నేను చెప్తా. 2023లో కాంగ్రెస్‌కీ బీఆర్ఎస్‌కీ మధ్య తేడా 2 శాతమే. పైగా ఓట్లు గుంపులుగా ఉన్నయ్. మా ఉమ్మడి ఖమ్మంలో పదింటికి కాంగ్రెస్ ఎనిమిది తీసుకుంది, కొత్తగూడెం సీపీఐకి, బీఆర్ఎస్‌కి ఒక్క భద్రాచలం. నల్గొండలోనూ అంతే, సూర్యాపేట ఒక్కటి మిగిలింది. అదే హైదరాబాద్ జిల్లాలో కాంగ్రెస్‌కి గుండు సున్నా. ఊళ్లలో పోయింది సిటీలో నిలిచింది కాబట్టి 39 వచ్చినయ్. కామారెడ్డిలో అయితే కేసీఆర్, రేవంత్ ఇద్దర్నీ బీజేపీ వెంకట రమణారెడ్డి ఓడించారు, ఆ రోజు కౌంటింగ్ చూస్తూ మా ఆఫీసులో ఎవ్వరూ పని చెయ్యలేదు.

కానీ శాతాన్ని నమ్ముకుని కూర్చోకండి. ఆర్నెల్లకే లోక్‌సభ ఎన్నికలొస్తే బీఆర్ఎస్‌కి సీట్లు సున్నా, ఓట్లు దాదాపు 17 శాతం. సీట్లు లేకపోయినా ఓట్లున్నయ్ అనుకున్నవాళ్ల ఓట్లు కూడా పోయినయ్.

పల్నాటి_రైతుబిడ్డ:
ఈ పొత్తుల లెక్క ఒక్కటే చెప్తే నేనొప్పుకోను. వైసీపీ ఓట్లే 50 నుంచి 39కి పడ్డాయి కదా, ఆ పదిన్నర శాతం జనాలు ఎటు పోయారు, ఎందుకు పోయారు అనేది కూడా చెప్పాలి. మా ఊళ్లో జగన్ బటన్ నొక్కిన పథకాల డబ్బులు అందరికీ పడ్డాయి, ఎవరూ కాదనలేదు. కానీ పాస్‌బుక్ మీద, సర్వే రాళ్ల మీద జగన్ బొమ్మ వేసేసరికి మా తాతకి ఒళ్లు మండింది. "నా పొలం పుస్తకం మీద ఆయన బొమ్మేంట్రా" అని పోలింగ్ దాకా అదే మాట. దానికితోడు భూమి హక్కుల మీద ల్యాండ్ టైట్లింగ్ చట్టం వచ్చింది, అందులో ఏముందో చదివినవాడు ఊరికొకడు కూడా లేడు, భయం మాత్రం ఇంటింటికీ వెళ్లింది. కొత్త ప్రభుత్వం రాగానే రద్దు చేసినవాటిలో అదొకటి. మద్యం బ్రాండ్లు, రోడ్ల గుంతలు సరేసరి. ఇవన్నీ కలిస్తేనే పొత్తు పనిచేసింది, ఉత్తి పొత్తు ఏం చేస్తుంది?

లెక్కల_మాస్టారు:
కాదనను. ఓట్లు ఎందుకు పోయాయో మీరు చెప్పారు, ఎన్ని సీట్లు పోయాయో నేను చెప్పాను. రెండూ కావాలి.

బెజవాడ_బుల్లోడు:
అందరికీ థ్యాంక్స్. చిన్నాన్నకి 2019 లెక్క చెప్పాను, "అది వేరు" అన్నాడు, ఇంకేం చేస్తాం. ఇంతకీ మీరందరూ మర్చిపోయింది మా విజయవాడ సెంట్రల్. 2019లో బొండా ఉమా ఓడింది అక్షరాలా 25 ఓట్లతో, అదే మనిషి 2024లో 68 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచాడు. ఆ 25 ఓట్ల ఏడాది మా ఇంట్లో నలుగురు ఏదో పెళ్లి అని ఊరెళ్లి ఓటు మానేశారు, అందులో రాజకీయాల గురించి గొంతు చించుకునే మా బావ కూడా ఉన్నాడు. రేపు భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తనా, వదిలేయనా?

ఖమ్మం_వాసి:
స్వీటు వడ్డించాక ఎత్తు తమ్మీ.