చర్చ: తక్కువ ధర కీబోర్డుకు పిచ్ బెండ్ వీల్ ఉండి తీరాలా?

గౌళమాయ
కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్న పదేళ్ళ పాపకు కీబోర్డు కొనాలి. బడ్జెట్ 15 వేలు, తప్పదంటే ఇంకో రెండు మూడు వేలు. వెతికి వెతికి కాసియో సీటీ-ఎస్300, యమహా పీఎస్ఆర్-ఈ373 దగ్గర ఆగాం. రెండింటికీ 61 కీలు, రెండింటికీ టచ్ రెస్పాన్స్ (నొక్కిన బలాన్ని బట్టి శబ్దం మారడం) ఉంది. కాసియోకు పిచ్ బెండ్ వీల్ (మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం) ఉంది, యమహాకు లేదు. చెవికి మాత్రం యమహా పియానో, స్ట్రింగ్స్ బాగున్నాయి. వీల్ లేకపోతే కర్ణాటకానికి దండగ అని ఒకరు, పిల్లలకు దాంతో పనేంటని ఇంకొకరు. అనుభవం ఉన్నవాళ్ళు తేల్చండి.

తోడి_గాంధారం
ఇందులో తేల్చడానికేముంది? వీల్ ఉన్నదే కొనండి. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, లేకపోతే తోడి రాగం తోడి కాదు. స సి కీ మీద ఉందనుకోండి, సాధారణ గాంధారం డి షార్ప్. ఆ కీని ఊరికే నొక్కి పట్టుకుంటే వచ్చేది ఒక స్వరస్థానం, అంతే. రాగంలో ఆ గాంధారం అటు రి వైపు, ఇటు మ వైపు ఊగాలి.

వీల్ రేంజ్ మామూలుగా అటూ ఇటూ రెండేసి అర స్వరాలు (అర స్వరం అంటే పక్కపక్క కీల మధ్య దూరం). డి షార్ప్ నొక్కి వీల్ పూర్తిగా పైకి తోస్తే ఎఫ్, అంటే శుద్ధ మధ్యమం. పూర్తిగా కిందికి లాగితే సి షార్ప్, శుద్ధ రిషభం. తోడికి కావలసిన విస్తీర్ణం సరిగ్గా ఆ వీల్‌లో ఉంది.

సాధన మూడు మెట్లలో చేయించండి. మొదట వయొలిన్ టోన్ పెట్టి, గ నొక్కి, వీల్‌ను నెమ్మదిగా మ దాకా తోసి వదలడం. వీల్‌కు స్ప్రింగ్ ఉంటుంది, వదలగానే నడిమికి వచ్చేస్తుంది, ఆ రావడం కూడా చెవికి పట్టాలి. రెండోది, సగం దాకానే తోసి ఆపడం. అసలు కష్టం ఇక్కడే ఉంది. మూడోది, తాళం వేసుకుని అక్షరానికి ఒక ఊపు, తర్వాత రెండు. పియానో టోన్‌తో చేయకండి. నాదం తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి గమకం సగంలోనే ఆరిపోతుంది. వయొలిన్, ఫ్లూట్, క్లారినెట్‌లలో ఏదైనా పర్లేదు.

కె. సత్యనారాయణన్ గారు కీబోర్డు మీద పూర్తి కచేరీలు చేస్తారు. ఆయన ఎడమ చేయి ఎక్కడ ఉంటుందో ఒక్కసారి చూడండి, ఈ ప్రశ్నే మళ్ళీ అడగరు.

రెండు_చేతులు
ఆయన్ని చూసి పదేళ్ళ పాపకు వీల్ కొనమనడం ఏం న్యాయమండీ? ఆ అమ్మాయి నేర్చుకుంటున్నది గాత్రం. గమకం గొంతులో రావాలి. ఇప్పుడు కీబోర్డుతో పని స్వరస్థానాలు తెలుసుకోవడం, శ్రుతి చూసుకోవడం, అంతే కదా.

మొదటి పాఠాలైన సరళీ వరసలు మాయామాళవగౌళ రాగంలో సాగుతాయి: సి, సి షార్ప్, ఇ, ఎఫ్, జి, జి షార్ప్, బి. వీటికి కుడి చేతి వేళ్ళు సరిగ్గా పడాలి. వీల్ ఉంటే పిల్లలు ఎడమ చేయి దాని మీద పెట్టుకుని ప్రతి స్వరాన్నీ వణికిస్తారు. వేళ్ళ క్రమం గాలికి పోతుంది. ఎడమ చేతికి కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికించడం, నేర్పే అవకాశమూ పోతుంది. రేపు లలిత సంగీతానికో ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ కీబోర్డు గ్రేడ్ పరీక్షలకో వెళ్తే అక్కడ అడిగేది రెండు చేతులనే.

శబ్దం సంగతికొస్తే ఈ373లో 622 టోన్లు, 205 స్టైల్స్. సీటీ-ఎస్300లో 400 టోన్లు, 77 రిథమ్స్. అంకెలు పక్కన పెట్టినా ఆ పియానో టోన్‌కూ ఈ పియానో టోన్‌కూ తేడా హెడ్‌ఫోన్‌లో ఇట్టే తెలుస్తుంది. పిల్ల రోజూ వినేది ఆ శబ్దాన్నే.

తోడి_గాంధారం
వణికిస్తారు కాబట్టి వీలే వద్దంటారా? గమకాలు కావలసిన వర్ణం దాకా పాఠాలు వచ్చాక మళ్ళీ ఇంకో కీబోర్డు ఎవరు కొంటారు?

పద్యం_పెట్టె
ఈ గొడవ కొత్తదేం కాదు. గమకం పలకదని, స్వరస్థానాలు కుదరవని 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్నే నిషేధించింది. అయినా మన పద్య నాటకాల్లో హార్మోనియం పక్కన లేనిదే రాగం ఎత్తినవాళ్ళు లేరు. గమకం పాడేవాడు పలుకుతాడు, పెట్టె వెనకుండి శ్రుతి, ఛాయ అందిస్తుంది. గాత్రం నేర్చుకునే పిల్లకు కీబోర్డు పాత్ర కూడా అంతే. ఆ లెక్కన రెండింటిలో ఏదైనా ఒకటే.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను, దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. కీబోర్డులోని గాంధారం తంబురాలో వినిపించే గాంధారం కాదు. కీబోర్డులో అంతర గాంధారం స నుంచి 400 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు). తంబురా నాదంలో సహజంగా పుట్టేది సుమారు 386. పద్నాలుగు సెంట్లు ఎక్కువ. పక్కన తంబురా మోగుతూ ఉంటే బాగా తెలుస్తుంది. అందుకే పిల్ల పాడేటప్పుడు ప్రతి స్వరానికీ కీ నొక్కి గొంతు కలిపించకండి. స, ప మాత్రం ఇచ్చి మిగతావి తంబురా మీద పాడించండి. వీల్ ఉన్నా లేకున్నా ఇది తప్పదు.

హార్మోనియం, ఆర్గన్ లాంటి టోన్లకు టచ్ ఆపేయండి. లేకపోతే వేలు గట్టిగా పడ్డచోట ఒక స్వరం, మెత్తగా పడ్డచోట ఒక స్వరం ఎగుడుదిగుడుగా వస్తాయి.

గౌళమాయ
పాపది ఐదు శ్రుతి. మరి సి నుంచి ఎలా వాయించాలి? ట్రాన్స్‌పోజ్ (అన్ని కీల శ్రుతినీ ఒకేసారి జరిపే బటన్) వాడొచ్చా? తంబురా ఫోన్‌లో ఉంది.

పద్యం_పెట్టె
ఐదు అంటే జి. ట్రాన్స్‌పోజ్ మైనస్ 5 పెట్టండి. నడిమి సి నొక్కితే దాని కింది జి పలుకుతుంది, ఆడపిల్లల ఐదు శ్రుతికి అదే స్థాయి. ప్లస్ 7 పెడితే అదే జి ఒక స్థాయి పైన పలుకుతుంది, గొంతుకు అందదు.

రెండు_చేతులు
నా మాట వింటే ట్రాన్స్‌పోజ్ ముట్టుకోకుండా జి నుంచే నేర్పండి. మాయామాళవగౌళ జి నుంచి: జి, జి షార్ప్, బి, సి, డి, డి షార్ప్, ఎఫ్ షార్ప్. మొదటి నెల కష్టం, తర్వాత ఏ శ్రుతి అయినా భయం ఉండదు. ట్రాన్స్‌పోజ్‌కు అలవాటుపడ్డవాళ్ళు ఆ బటన్ లేని పియానో ముందు కూర్చోబెడితే తెల్లమొహం వేస్తారు.

తోడి_గాంధారం
ఇది మాత్రం ఒప్పుకుంటాను. తంబురా విషయం: రెండు మోడళ్ళకూ వెనక ఆడియో ఇన్ ఉంది. ఫోన్ నుంచి అందులోకి కేబుల్ వేస్తే తంబురా కీబోర్డు స్పీకర్లలోనే వస్తుంది. తంబురాను కీబోర్డు టోన్‌తోనే పట్టుకుని మోగించాలని చూడకండి. వీల్ తిప్పగానే పట్టుకున్న స్వరాలన్నీ కలిసి ఊగుతాయి, శ్రుతే జారిపోయినట్టు ఉంటుంది.

యూఎస్‌బీ_వీరుడు
ఇంత రచ్చ ఎందుకు? యమహా కొని, యూఎస్‌బీ జాక్‌కు చిన్న బెండ్ కంట్రోలర్ తగిలించుకుంటే రెండూ కలిసొస్తాయి కదా.

మిక్సర్_మాస్టారు
కలిసిరావు. ఈ373 వెనక ఉన్నది కంప్యూటర్‌కు తగిలించే జాక్. కంట్రోలర్ కూడా అలాంటిదే. రెండూ ఒకదానికొకటి తగిలిస్తే ఏమీ జరగదు, మధ్యలో ఫోనో ల్యాప్‌టాపో ఉండాలి. పాప సాధనకు రోజూ అన్ని వైర్లా?

అదే జాక్ ఇంకో పనికి బంగారం. ఈ373 ఆ కేబుల్‌లోనే శబ్దాన్ని కూడా పంపిస్తుంది. విడిగా ఆడియో ఇంటర్‌ఫేస్ కొనకుండా నేరుగా రికార్డు చేసుకోవచ్చు. విండోస్‌లో యమహా డ్రైవర్ వేయాలి. సీటీ-ఎస్300 యూఎస్‌బీలో మిడి (ఏ కీ ఎంత బలంగా నొక్కారన్న సమాచారం) ఒక్కటే వెళ్తుంది, శబ్దం రాదు.

గుడిలో భజనకో చర్చిలో ఆరాధనకో మైక్ సెట్‌కు తగిలించాల్సి వచ్చినప్పుడు రెండింటితోనూ ఒకే తప్పు జరుగుతుంది. విడిగా లైన్ అవుట్ లేదు, హెడ్‌ఫోన్ జాకే అవుట్. యమహాది పెద్ద జాక్, కాసియోది 3.5 మి.మీ. అది స్టీరియో. మైక్ సెట్ అబ్బాయి చేతికి దొరికిన స్టీరియో కేబుల్‌ను మిక్సర్ బాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో (రెండు తీగల మధ్య తేడాను మాత్రమే తీసుకునేది) పెడతాడు. అప్పుడు ఎడమ, కుడి ఒకదాన్నొకటి కొట్టేసుకుని పియానో డొల్లగా, ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. కీబోర్డు చెడిపోయిందనుకుంటారు. కావలసింది ఒక పక్క స్టీరియో పిన్ను, రెండో పక్క రెండు మోనో పిన్నులు ఉన్న వై కేబుల్. రెండు ఛానళ్ళు దొరక్కపోతే ఎడమది ఒక్కటే తగిలించండి. కీబోర్డు వాల్యూమ్ ముప్పాతిక దగ్గర ఉంచి మిగతాది మిక్సర్‌లో పెంచుకోండి.

గుయ్‌మని హమ్ వస్తే అడాప్టర్ పీకి బ్యాటరీల మీద నడిపి చూడండి. ఆగిపోతే దోషం కరెంటు వైపు, డీఐ బాక్స్ (కీబోర్డుకూ మిక్సర్‌కూ మధ్య పెట్టి హమ్ ఆపే చిన్న పెట్టె) పెట్టండి. రెండింటికీ ఆరు పెన్సిల్ సెల్స్ చాలు. ఛార్జింగ్ సెల్స్ వేస్తే యమహా ఫంక్షన్ మెనూలో బ్యాటరీ రకం మార్చాలి. మార్చకపోతే మిగిలిన ఛార్జ్ తప్పు చూపిస్తుంది.

మోసుకెళ్ళేది పిల్లే అయితే ఒక మాట: కాసియో 3.3 కిలోలు, పైనే పట్టుకునే పిడి ఉంది. యమహా 4.6 కిలోలు, సంచీ విడిగా కొనాలి.

గౌళమాయ
ఈ373 సెకండ్ హ్యాండ్‌ది బడ్జెట్‌లోనే వస్తోంది. 2024లో ఈ383 వచ్చింది కాబట్టి పాతవి అమ్ముతున్నారు. ఏం చూసి కొనాలి?

కార్బన్_రబ్బరు
ముందుగా ఫ్యాక్టరీ రీసెట్: అన్నిటికన్నా కుడి చివర తెల్ల కీ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేయండి. పాత యజమాని మార్చిన ట్యూనింగ్, టచ్ అన్నీ పోతాయి. అది చేయకుండా పరీక్షిస్తే మంచి కీబోర్డు కూడా అపశ్రుతి పలకొచ్చు, ఎందుకంటే దాని ట్యూనింగ్ 427 నుంచి 453 హెర్ట్జ్ దాకా ఎటైనా మారుతుంది.

తర్వాత పియానో టోన్, టచ్ ఆన్. ఎడమ చివర నుంచి నలుపూ తెలుపూ వదలకుండా 61 కీలూ ఒక్కొక్కటీ చాలా మెత్తగా నొక్కండి. మెత్తగా నొక్కినా ఠంగున గట్టిగా మోగిన కీ ఉందంటే కింద కాంటాక్ట్ పాడైంది. ప్రతి కీ కింద రబ్బరు బుడిపెలో రెండు కార్బన్ చుక్కలుంటాయి. ఒకటి ముందు తాకుతుంది, రెండోది తర్వాత. ఆ మధ్య సమయాన్ని బట్టే ఎంత బలంగా నొక్కారో కీబోర్డు లెక్కగడుతుంది. దుమ్ము వల్ల మొదటిది ఆలస్యంగా తాకితే సమయం తక్కువైనట్టు కనిపించి గట్టి శబ్దం ఇస్తుంది. అసలే తాకకపోతే కీ మూగబోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మామూలే.

రెండు మూడు కీలకే ఉంటే భయపడక్కర్లేదు, ధర తగ్గించమని అడగండి. విప్పి రబ్బరు పట్టీ తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన నూగు రాలని గుడ్డతో బోర్డు మీది చుక్కల్ని తుడవాలి. రబ్బరు వైపు కార్బన్‌ను ఊరికే అద్దాలి, రుద్దితే ఊడొస్తుంది. పూర్తిగా ఆరాక పట్టీని బొడిపెలతో సహా రంధ్రాల్లో మొద్దు మొనతో దిగ్గొట్టాలి. ఒక్క బొడిపె పైకి ఉన్నా దాని పక్క కీలు కూడా బిగుసుకుంటాయి. పది కీల పైన ఇలా ఉంటే వదిలేయండి.

సస్టెయిన్ పెడల్ (నాదాన్ని సాగదీసే కాలి మీట) ఇస్తే అదీ చూడండి. నొక్కినప్పుడు నాదం ఆగి, వదిలితే సాగుతుంటే పాడైనట్టు కాదు, పోలారిటీ తిరగబడింది. పెడల్ కింద మార్చే మీట ఉంటే మార్చండి. పెడల్ తగిలించేటప్పుడు కీబోర్డు ఆఫ్‌లో ఉండాలి, ఆన్ చేసేటప్పుడు కాలు దాని మీద ఉండకూడదు.

ఇక అడాప్టర్. యమహాది 12 వోల్టులు, కాసియోది 9.5. పిన్ను దూరుతోంది కదా అని సెట్-టాప్ బాక్స్ అడాప్టర్ కాసియోకు పెట్టి బోర్డు కాల్చుకున్నవి రిపేరుకు వస్తూనే ఉంటాయి. అమ్మేవాళ్ళు ఒరిజినల్ ఇవ్వకపోతే వోల్టు, ఆంపియర్, పిన్ను లోపలి ప్లస్ మైనస్ గుర్తు మూడూ సరిపోయాకే తగిలించండి.

తోడి_గాంధారం
సెకండ్ హ్యాండే అయితే యమహా పీఎస్ఆర్-ఐ500 దొరుకుతుందేమో చూడండి. మన దేశం కోసం చేసిన మోడల్. పిచ్ బెండ్ ఉంది, తంబురా, తబలాతో రియాజ్ (సాధన) సదుపాయం ఉంది. అప్పుడు నాకూ రెండు చేతులు గారికీ పేచీ ఉండదు.

రెండు_చేతులు
ధర ఎంత చెప్తారో చూద్దాం. దొరికితే కొనండి, కానీ సరళీ వరసలయ్యేదాకా ఆ వీల్ మీద ఒక ప్లాస్టర్ ముక్క అంటించండి.