వైఫై కనెక్టెడ్ అంటుంది, నెట్ రాదు. కార్డు పోయిందంటున్నారు, నిజమేనా?

బ్రాడీపేట నాలుగో లైను:
అందరికీ నమస్కారమండి, మాది గుంటూరు. ఇంట్లో కూర్చునే మిర్చి యార్డులో రెండు కమీషన్ కొట్లకి లెక్కలు రాస్తుంటాను, ట్యాలీ, జీఎస్టీ అన్నీ ఈ ఒక్క ల్యాప్‌టాప్ మీదే. శనివారం రాత్రి దాకా బానే ఉంది, ఆదివారం పొద్దున ఆన్ చేస్తే వైఫై పేరు కింద కనెక్టెడ్ అనీ దాని పక్కనే నో ఇంటర్నెట్ అనీ చూపిస్తోంది. రూటర్ ఆపి వేశా, ల్యాప్‌టాప్ ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశానో నాకే తెలీదు. అదే వైఫై మీద మా ఆయన ఫోనూ టీవీ హాయిగా నడుస్తున్నాయి, పోనీ అని ఫోన్ హాట్‌స్పాట్ పెడితే దాంట్లోనూ ఇదే వరస.

అరండల్‌పేటలో ఒక షాపుకి పట్టుకెళ్తే పది నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూసి వైఫై కార్డు పోయింది మేడమ్, 2,800 అవుద్ది అన్నాడు. ఇచ్చేసేదాన్నే, కానీ పక్కింటి అబ్బాయి కాడ యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఉంటే తెచ్చి పెట్టి చూశా, దాంతో కూడా కనెక్టెడ్, నో ఇంటర్నెట్. అక్కడొచ్చింది డౌట్. విండోస్ 11. పదకొండో తారీఖు లోపు జీఎస్టీఆర్ 1, అదే అమ్మకాల రిటర్న్, వెయ్యాలి, ఇవాళ ఎనిమిది. ఎవరైనా కాస్త చెప్పండి ప్లీజ్.

కృష్ణ ఒడ్డు:
డీఎన్ఎస్, అంటే సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్, 8.8.8.8 అని గూగుల్‌ది పెట్టి చూడండి అక్కా, నాకు ఎప్పుడూ దాంతోనే సెట్ అవుద్ది.

బెజవాడ రిపేరు:
తమ్ముడూ ప్రతిదానికీ డీఎన్ఎస్ మందు కాదు. మేడమ్ గారూ, ఆ డాంగిల్ పెట్టి చూడటం మీరు చేసిన మంచి పని. లోపలి కార్డూ బయటి డాంగిలూ ఒకే రోజు ఒకేలాగా పోవు కదా, అంటే రోగం కార్డులో లేదు, విండోస్ లోపల ఎక్కడో ఉంది. నేను గవర్నర్‌పేటలో పదేళ్ళుగా ఈ పని చేస్తున్నా, కార్డు మార్చే ముందు ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేసి చూస్తా, దాంట్లో నెట్ వచ్చిందంటే కార్డు బాగున్నట్టే, కస్టమర్ డబ్బులు మిగిలినట్టే. అందరూ చూడరు, ఏం చేస్తాం.

రెండు చెప్పండి. ఒకటి, స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, నల్ల విండో వస్తే ఐపీకాన్ఫిగ్ అని టైప్ చేసి, వైఫై కింద ఐపీవీ4 అడ్రస్ ఏముందో చూడండి. రెండు, శనివారం ఏం ఇన్‌స్టాల్ చేశారు, ఏం తీసేశారు? ఏమీ చెయ్యలేదు అనకండి, అందరూ ముందు అదే అంటారు.

బ్రాడీపేట నాలుగో లైను:
అయ్యో మీరు చూసినట్టే చెప్తున్నారండి. అడ్రస్ 169.254 తో మొదలైంది. శనివారం రాత్రి ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ టైమ్ అయిపోయిందని గోల చేస్తుంటే, మా తమ్ముడు వేరే కంపెనీది కొనిస్తే అది ఇన్‌స్టాల్ చేశా. పాతది తియ్యమని తర్వాత గుర్తొచ్చింది, అన్‌ఇన్‌స్టాల్ కొట్టా, అది సగంలో ఆగిపోయింది, నిద్రొస్తోందని పవర్ బటన్ పట్టుకుని ఆపేశా. తిట్టకండి. మరి ఇప్పుడు కొత్త యాంటీవైరస్ ఆపేసి కూడా చూశా, ఏం మారలా.

బెజవాడ రిపేరు:
దొరికింది. 169.254 అంటే రూటర్ దగ్గర నుంచి అడ్రస్ రాక, విండోసే తనకు తాను ఒకటి పెట్టేసుకుందని. రూటర్ ఇస్తోంది, ఇవ్వకపోతే టీవీకి రాదుగా. మధ్యలో ఎవరో ఆపుతున్నారు.

యాంటీవైరస్సులు, వీపీఎన్‌లు (మన నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్‌లు) వైఫై డ్రైవర్ మీద ఫిల్టర్ అని ఒకటి కూర్చోబెడతాయి, వచ్చే పోయే ప్రతి ప్యాకెట్ దాన్ని దాటుకునే వెళ్ళాలి. మీ పాత యాంటీవైరస్ ఇల్లు ఖాళీ చేసి పోతూ గేటుకి తాళం వేసుకుని తాళంచెవి తీసుకుపోయిన అద్దెవాళ్ళ లాగా, ప్రోగ్రామ్ పోయింది ఫిల్టర్ మిగిలింది. అది ఒక్క కార్డుకి కాదు, కొత్తగా ఏ అడాప్టర్ పెట్టినా దానికీ తగులుకుంటుంది, అందుకే డాంగిల్ కూడా అంతే. కొత్త యాంటీవైరస్ ఆపితే దాని స్కానింగ్ ఆగుద్దేమో గానీ డ్రైవర్ దిగదు, అదీకాక ఇక్కడ దొంగ పాతది.

విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొట్టండి, డాట్ అంటే చుక్కే, మిగతావి ఇంగ్లీషు అక్షరాలు. వైఫై మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. ఒక లిస్టు వస్తుంది, మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్స్ క్లయింట్, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్, ఐపీవీ4, ఐపీవీ6 ఇవన్నీ మామూలువే, ముట్టుకోకండి. వాటి మధ్యలో ఆ పాత కంపెనీ పేరుతో ఏదైనా ఉంటే టిక్ తీసి ఓకే కొట్టండి. నెట్ వచ్చేస్తే సంతోషం, కానీ అక్కడితో వదలొద్దు. ఆ కంపెనీ సైట్‌లో వాళ్ళ సొంత రిమూవల్ టూల్ ఉంటుంది, పెద్ద కంపెనీలన్నీ ఇస్తాయి, ఫోన్‌లో దింపి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి వేసుకుని రన్ చేసి రీస్టార్ట్ చెయ్యండి. కంపెనీ సైట్ నుంచే, యూట్యూబ్ వీడియో కింద ఇచ్చిన లింకుల జోలికి పోకండి. విండోస్ నెట్ సెట్టింగ్స్‌ని మొదటికి తెచ్చే విన్‌సాక్ రీసెట్ కమాండ్ కూడా చాలామంది చెప్తారు, చేస్తే నష్టమేం లేదు, కానీ మిగిలిపోయిన ఫిల్టర్‌ని అది తియ్యదు.

పటమట వాసి:
నాకు పోయినేడు ఇంచుమించు ఇదే అయింది కానీ వీపీఎన్‌తో. నా దాంట్లో అడ్రస్ 192.168 తో బానే వచ్చేది, ఒక్క పేజీ తెరుచుకునేది కాదు. వీపీఎన్‌లో కిల్ స్విచ్ అని ఉంటుంది, కనెక్షన్ తెగితే మొత్తం నెట్‌నే ఆపేస్తుంది, అది ఆన్‌లో ఉండగానే యాప్ క్రాష్ అయ్యి నేను కోపంతో తీసేశా, అడ్డం మాత్రం అలాగే ఉండిపోయింది. మళ్ళీ అదే వీపీఎన్ ఇన్‌స్టాల్ చేసి, కిల్ స్విచ్ ఆఫ్ చేసి, అప్పుడు పద్ధతిగా తీసేస్తే తగ్గింది. ఈ పోస్ట్ చూసి వచ్చేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా, సెట్టింగ్స్‌లో ప్రాక్సీ, అంటే నెట్‌ని మధ్యలో ఇంకో సర్వర్ గుండా పంపేది, ఆన్‌లో మిగిలిపోయిందేమో కూడా ఒకసారి చూసుకోండి.

ఇంకోటి, ఎవరో ఒకరు వచ్చి నెట్‌వర్క్ రీసెట్ కొట్టమంటారు. అది ఆఖర్న. అడాప్టర్లన్నీ తీసేసి మళ్ళీ పెడుతుంది, దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి, ట్యాలీ కోసం చేత్తో ఐపీ అడ్రస్ ఇచ్చుకుని ఉంటే అదీ పోతుంది. ముందే కాగితం మీద రాసుకోండి అక్కా.

బ్రాడీపేట నాలుగో లైను:
వచ్చిందండీ వచ్చింది!! లిస్టులో కిందకి లాగితే ఆ పాత కంపెనీ పేరుతో ఫిల్టర్ డ్రైవర్ అని ఉంది, టిక్ తీసి ఓకే కొట్టగానే రెండు క్షణాలు వైఫై గుర్తు పోయి మళ్ళీ వచ్చింది, ఐపీకాన్ఫిగ్‌లో 192.168 కనపడింది. నేను అరిచిన అరుపుకి మా అత్తగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు.

తర్వాత ఆ రిమూవల్ టూల్ సేఫ్ మోడ్‌లో రన్ చెయ్యమంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొడితే నీలం స్క్రీన్ వచ్చి బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కి వేసే తాళం, దాని రికవరీ కీ, 48 అంకెలు అడిగింది, నాకు ప్రాణం పోయినంత పనైంది, ఈ ల్యాప్‌టాప్‌లో అట్టాంటిది ఉందని కూడా తెలీదు. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే అందులో సేవ్ అయ్యుంది, మా ఆయన చదువుతుంటే నేను కొట్టా, మధ్యలో ఒక అంకె తప్పు పోయి మళ్ళీ మొదటికొచ్చాం. మొత్తానికి అయింది, ఇప్పుడు ఆ లిస్టులో పాత పేరు లేదు.

బెజవాడ రిపేరు:
ఆ బిట్‌లాకర్ సంగతి నేను ముందే చెప్పాల్సింది, తప్పు నాదే. ఆ 48 అంకెలు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టొద్దు.

కృష్ణ ఒడ్డు:
డీఎన్ఎస్ కూడా మార్చుంటే ఇంకా స్పీడ్‌గా వచ్చేది 😄

బ్రాడీపేట నాలుగో లైను:
నీకో దణ్ణం తమ్ముడూ. ఒక కొట్టుది జీఎస్టీఆర్ 1 ఇప్పుడే వేశా, రిటర్న్ అందినట్టు ఇచ్చే ఏఆర్ఎన్ నంబర్ కూడా వచ్చేసింది. రెండోవాళ్ళు ఇంకా బిల్లులే పంపలా.