తీర్థం అంటే మొదట్లో ఏరు దాటే చోటేనా?

ప్రశ్న: మోకాలి లోతు నీళ్లలో నడిచి ఏరు దాటగలిగే చోటుకి తెలుగులో మాట కోసం వెతుకుతుంటే నిఘంటువులో రేవు, తీర్థం రెండూ కనిపించాయి. రేవంటే చాకిరేవు, ఓడరేవు గుర్తొస్తాయి, తీర్థమంటే గుడిలో పూజారి గారు చేతిలో పోసే నీళ్లు. వీటికీ ఏరు దాటడానికీ సంబంధం ఏంటో ఎవరైనా చెప్తారా?

జవాబు: సంబంధం చాలా దగ్గరిదండీ. సంస్కృతంలో 'తౄ' అనే ధాతువుకి దాటడం అని అర్థం, తీర్థం దాన్నుంచే పుట్టింది. ఋగ్వేదం 8వ మండలంలో గుర్రాల్ని మంచి రేవుకి నడిపించినట్టు మమ్మల్ని నడిపించండి అని దేవతల్ని వేడుకునే చోట 'సుతీర్థం' అనే మాట ఉంది, అక్కడ అర్థం సుఖంగా దిగి దాటే చోటనే. జనం దిగేదీ స్నానం చేసేదీ అక్కడే కాబట్టి ఆ చోటు పవిత్రమైంది, తర్వాత ఆ నీళ్లకీ అదే పేరొచ్చింది. జైనుల 24 మంది తీర్థంకరుల పేరులోనూ ఉన్నది ఇదే, సంసారం దాటడానికి రేవు వేసినవాళ్లని. గురువుని కూడా తీర్థం అన్నారు, అందుకే ఒకే గురువు దగ్గర చదివినవాళ్లు సతీర్థ్యులు. నాకు అన్నిటికంటే నచ్చేది ఉత్తీర్ణుడు. ఆ ధాతువే, నీళ్లలోంచి దాటి పైకొచ్చినవాడని అర్థం. మనం పరీక్ష గట్టెక్కింది అంటామే, అచ్చంగా అదే!

ఇంకో జవాబు: పైన చెప్పిందంతా సరే కానీ రేవుని దాటే చోటు అని సరిపెట్టేస్తే నాకు ఒప్పుదల కాదు. రేవంటే ముందు నీళ్లలోకి దిగే చోటు, బట్టలు ఉతకడానికైనా పడవెక్కడానికైనా. ఏరు నడిచి దాటేవాళ్లు చూసుకునేది వేరు. నీళ్లు కదలకుండా నల్లగా కనిపిస్తే అక్కడ మడుగు ఉంటుంది, దిగరు. ఏరు వెడల్పుగా పరుచుకుని గులకరాళ్ల మీద గలగలమంటూ పారే చోట దిగుతారు, కర్రతో ముందు నేల తడిమి, అప్పుడు అడుగు వేస్తారు. మలయాళంలో రేవుని కడవు అంటారు, దానికి మూలం దాటడం అనే అర్థమున్న 'కడ', మన కడచు, గడచు కూడా అక్కడివే. గడచిన ఏడాది అన్నప్పుడల్లా ఒక ఏరు దాటినట్టే లెక్క.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ, ఉత్తీర్ణత సంగతి అస్సలు ఊహించలేదు. మరి కోనసీమలో జాతరని తీర్థం అంటారు కదా, అది కూడా ఇదేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు: ఆ మాటేనండీ. పుణ్యక్షేత్రం తీర్థమైంది, అక్కడికి జనం చేరే ఉత్సవానికీ ఆ పేరే వచ్చింది. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూశారా? గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ఊళ్ల ప్రభలు (వెదురుతో ఎత్తుగా కట్టి, అలంకరించి, దేవుణ్ణి నిలిపేవి) అక్కడికి రావాలంటే మధ్యలో కౌశిక అనే ఏరు దాటాలి. అంత ఎత్తు ప్రభని భుజాల మీద పెట్టుకుని, ఒక పక్కకి ఒరిగిపోకుండా తాళ్లు పట్టుకుని, నీళ్లలో దిగి నడుస్తారు.